ఫ్రెంచి సవతి

సనాబిస్,
జనవరి 18

వదినగారికి,

మీరు పంపిన ఆవపిండి, గుంటూరు కారం చేరాయి. కారం సంచి ఒక మూల చిరిగి, తెచ్చినావిడ పెట్టెలో చీరలన్నీ ఎర్రబడ్డాయట. నవ్వుతూనే చెప్పింది గానీ ఇంకోసారి మన సామాను మొయ్యదని మొహం చూస్తేనే తెలిసింది. ఒక నిమ్మకాయ పచ్చడి సీసా చేతిలో పెట్టి పంపాను.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేమిటని మీరనుకోవచ్చు. ఈ గల్ఫు దేశంలో మా ఫ్లాట్ మొత్తం రెండు గదులు. ఒకదాన్లో నా జాడీలు, రెండోదాన్లో మీ తమ్ముడు. ఇక్కడ గుసగుసలాడితే అక్కడ వినిపిస్తుంది. నేను చెప్పబోయేది ఆయన చెవిన పడకూడదు. అందుకని ఊరెళ్ళేవాళ్ళ చేత కాగితం పంపుతున్నాను. మీరూ జవాబు కారం సంచీలోనే పెట్టండి.

సంగతేమిటంటే, మీ తమ్ముణ్ణి ఒక ఆడమనిషి పట్టుకుంది.

కంగారు పడకండి. ఆవిడ పోయి నూరేళ్ళు దాటింది. పేరు మదాం ఎలోయీజ్. ఫ్రాన్సులో వైన్ వ్యాపారం చేసిందట. సిత్రాలో ఈయన ఆఫీసులో పనిచేసిన ఫ్రెంచి ఇంజనీరు ఊరెళ్ళిపోతూ, తన ఊరావిడ గురించి ఒక చిన్న పుస్తకం ఈయన చేతిలో పెట్టి పోయాడు. ఆ ఇంజనీర్లతో ఇన్నేళ్ళు మెలిగి ఈయనకి ఆ భాష వంటబట్టింది కదా. చదివారు, పడిపోయారు. విజయవాడలో ఒక ప్రచురణకర్త ఆవిడ జీవితచరిత్ర తెలుగులో రాసిమ్మన్నాడట. ఇంకేముంది, ఆఫీసునుంచి రావడం, తలుపు దగ్గరగా వేసుకోవడం. రాసిన కాగితాలు ఫొటోలు తీసి మీకు పంపుతున్నారనీ, ప్రెస్సు పనితోపాటు మీరే అవి టైపు చేస్తున్నారనీ నాకు తెలుసు.

అన్నం ముందు కూర్చుంటే ఆవిడ కబుర్లే. చిన్న వయసులోనే మొగుడు పోయాడట. ఆ ఊళ్ళో వ్యాపారులందరూ మగవాళ్ళేనట, పీపాలకి పీపాలు దళారులకి అమ్మేసుకునేవాళ్ళట. ఈవిడ సీసాల్లో పట్టించి, వాటిమీద తన పేరు వేయించి, పట్నం వెళ్ళి హోటలు హోటలూ తిరిగిందట. లోపలికి రానివ్వకపోతే గుమ్మం ఎదురుగా బండి ఆపి, వచ్చేపోయేవాళ్ళకి రుచి చూపించిందట. ఇవి చెప్తుంటే మీ తమ్ముడి కళ్ళు చూడాలి. పెళ్ళిచూపుల్లో కూడా అలా మెరవలేదు.

మరి నేనేం చేస్తున్నాను వదినా? గోంగూర సీసాలు సంచీలో వేసుకుని సనాబిస్‌లో, మనామాలో కొట్టుకొట్టూ ఎక్కిదిగలేదా? సిత్రా క్యాంపులో డ్రైవరు భీమన్న వాళ్ళ మెస్సుకి నా దగ్గర్నుంచే తీసుకెళ్తాడు. "అక్కా, నీ తొక్కు లేకుంటే మా క్యాంపుల ఎవ్వనికి బువ్వ దిగుతలేదు" అంటాడు. కట్టుకున్నవాడి నోట ఒక్కమాట రాలేదు. మొన్న తాలింపు నూనె చిట్లి ఎడమ మణికట్టు మీద పడింది, పాత మచ్చ పక్కనే. మందు తెచ్చి రాస్తూ, "ఎలోయీజ్ కూడా..." అని మొదలుపెట్టబోయారు. ఇంక చాలని చెయ్యి చూపించి అటు తిరిగిపోయాను.

ఆవిడ గురించి ఏం రాస్తున్నారో మీరు చెప్పండి. నేనడిగి చదవను. ఆ మాత్రం పౌరుషం ఉంది నాకు.

మీ
ఇంద్రజ


రామచంద్రపురం,
ఫిబ్రవరి 6

మరదలు పిల్లకి,

నీ సవతి నీకంటే ముందు నా ఇంట్లోనే కాపురం పెట్టిందే. రోజూ మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని కంప్యూటరు ముందు కూర్చోగానే వచ్చేస్తుంది, పీపాలూ సీసాలూ వేసుకుని. మీ అన్నయ్యగారు ఒకసారి అటు వెళ్తూ తెరమీద 'వైన్' అన్న మాట చూసి, "ఇదేమిటి, ఎక్సైజు వాళ్ళ పని కూడా ఒప్పుకున్నావా" అన్నారు. నెల రోజుల్లో నా పని గురించి ఆయన అడిగింది అదొక్కటే. జవాబు చెప్పేలోపు టీవీ దగ్గరికి వెళ్ళిపోయారు.

ఆవిడ గట్టిదేనమ్మా. ఒక ఏడాది పంట పాడైతే, మిగతా వ్యాపారులందరూ చక్కెర కలిపి అమ్మేస్తుంటే, ఈవిడ ఒక్క సీసా కూడా బయటికి పంపలేదట. అంతా పులియబెట్టి వెనిగర్ చేసి, వెనిగర్ అనే పేరుతోనే అమ్మింది. ఆ పక్క సంవత్సరం నుంచి ఆవిడ పేరున్న సీసా అయితే జనం మూత తీసి కూడా చూడకుండా కొన్నారట.

అయితే ఒక్క విషయం నాకు కొరుకుడు పడలేదు. ఆ ఫ్రెంచి పుస్తకం చాలా చిన్నదని మా వాడే అన్నాడు. నాకు టైపుకి వచ్చింది ఇప్పటికే దానికి మూడింతలుంది. ఆవిడ పీపా దగ్గర ఎలా నిలబడుతుంది, తల ఏ పక్కకి వంచుతుంది, పనిలో ఉండగా ఎవరైనా పలకరిస్తే కళ్ళెత్తకుండా ఎడమ చెయ్యెత్తి ఎలా ఆపుతుంది, ఇలాంటివి పేజీలకి పేజీలు. ఇవి ఎప్పుడో పోయినవాళ్ళ గురించి రాసే రాతలు కావు ఇంద్రజా. ఎవర్నో ఎదురుగా పెట్టుకుని, వాళ్ళకి తెలియకుండా చూస్తూ రాసినట్టుంది.

ఎవరని నన్నడక్కు. ఉన్నమాట చెప్పాను, అంతే.

మెంతులు ఈసారి రెండు పొట్లాలు పెట్టాను.

సూర్యప్రభ


సనాబిస్,
ఫిబ్రవరి 24

వదినా,

మెంతుల సంగతి తర్వాత. మీ ఉత్తరం చదివినప్పటినుంచి నాకు ముద్ద దిగడం లేదు.

చచ్చినదాన్ని అయితే ఎలాగో ఓర్చుకునేదాన్ని. బతికున్న మనిషా? ఎవరై ఉంటుందా అని ఆలోచిస్తే ఎక్కువ దూరం పోనక్కర్లేకపోయింది. ఈయన ఆఫీసులో మధులిక అని ఒకమ్మాయి చేరింది, హైదరాబాదు పిల్ల. ముహర్రక్‌లో ఒక్కతే ఉంటుంది. ఇంకా ఇక్కడి డ్రైవింగ్ లైసెన్సు రాలేదని మీ తమ్ముడే పొద్దున్న ఎక్కించుకుని సాయంత్రం దింపుతున్నారు. సనాబిస్ నుంచి సిత్రాకి వెళ్ళడానికి ముహర్రక్ మీదుగా ఎవరు వెళ్తారు చెప్పండి. ఊరంతా చుట్టి వచ్చినట్టు. నేనడిగితే "పాపం, టాక్సీలకే జీతమంతా పోతోందట" అన్నారు. పాపం అన్న మాట మా ఇంట్లో నామీద ఎప్పుడూ వాడలేదు.

"మధులిక చెయ్యి తిరిగిన మనిషి, ఏ పనైనా ఇట్టే పట్టేస్తుంది" అని కూడా ఒకరోజు అన్నారు. చూశారా, చెయ్యి. మీ ఉత్తరంలోనూ చెయ్యే ఉంది.

ఎంత కాదనుకున్నా ఆ పిల్ల గురించే ఆలోచిస్తున్నాను. ఆయన చొక్కాలు వాసన చూశాను, చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది. నా ఆవపిండి ఘాటు తప్ప ఏం తగల్లేదు. క్యారియర్ నిండా పెట్టి పంపితే ఖాళీగా వస్తోంది, ఇద్దరూ తింటున్నారేమోనని ఈ వారం సగమే పెట్టాను. సగమూ ఖాళీగానే వచ్చింది.

ఆనవాళ్ళు చెప్పండి వదినా. జుట్టెలా ఉంటుందని రాశారు? ఒంటిమీద గుర్తులేమైనా ఉన్నాయా? నేను వెళ్ళి కళ్ళారా చూసి వస్తాను.

ఇంద్రజ


రామచంద్రపురం,
మార్చి 5

ఇంద్రజకి,

ఆనవాళ్ళు చెప్పడానికి నేనేమైనా పోలీసునా? మీ మొగుడూ పెళ్ళాల మధ్య నన్ను లాగకు.

అయినా అడిగావు కాబట్టి ఒక్కటి చెప్తాను. ఎలోయీజ్ రుచి చూసే తీరు. కుడి అరచెయ్యి దోసిలిలా ముడిచి, అందులో రెండు చుక్కలు పోసుకుని, తీర్థం పుచ్చుకున్నట్టు పుచ్చుకుని, మిగిలిన తడి నెత్తికి రాసుకుంటుందట. ఫ్రాన్సులో అలా చేస్తారో లేదో నాకు తెలియదు. మా వాడు రాశాడు, నేను కొట్టాను. "ఆ చెయ్యి జుట్టు మీదికి వెళ్ళే క్షణంలో ఆవిడ ఈ లోకంలో ఉండదు" అని ఒక వాక్యం. అది టైపు చేశాక లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చాను. మగవాడు ఒక మనిషిని అంతలా చూస్తాడని నాకు తెలియదు. నాకెవరూ చెప్పలేదు.

మీ అన్నయ్యగారు పక్కగదిలోంచి కాఫీ అని కేక వేశారు. ఇచ్చొచ్చి మళ్ళీ కూర్చున్నాను.

ఈసారి పప్పునూనె పంపడం కుదరలేదు. అక్కడే కొనుక్కో.

సూర్యప్రభ


సనాబిస్,
మార్చి 17

వదినా,

మీరు కోపంగా ఉన్నారా? ఉత్తరం పుల్ల విరిచినట్టుంది. మీకు నేనేం చేశానో నాకు తెలియలేదు. ఇప్పుడు నాకు మీరొక్కరే దిక్కు, మీరూ అలా ఉంటే ఎలా?

మీరు చెప్పిన ఆనవాలుతో ఒకటి మాత్రం తేలిపోయింది. చేతిలో పోసుకుని తాగి నెత్తికి రాసుకునే ఫ్రెంచి మనిషి ఈ భూమ్మీద ఉండదు. అది తెలుగుదే. అంటే నా అనుమానం నిజమే.

శుక్రవారం భీమన్న కారులో ముహర్రక్ వెళ్ళాను. చేతిలో ఉసిరికాయ పచ్చడి. "మా ఆయన మీ గురించి చెప్తుంటారు, చూసిపోదామని వచ్చాను" అన్నాను, నవ్వు మొహం పెట్టుకుని. ఆ అమ్మాయి కుర్చీ జరిపి, టీ పెట్టి, నానా హడావుడీ చేసింది. చక్కగా ఉంది, కాదనను. చేతులు రెండూ చూశాను. జుట్టు చూశాను. చెయ్యెత్తుతుందేమోనని మధ్యమధ్య కావాలని మాటకి అడ్డం వచ్చాను. ఎత్తలేదు, ఓపిగ్గా ఆగింది.

చివరికి సీసా మూత తీసి, "రుచి చూడండి, నూనె సరిపోయిందో లేదో" అన్నాను. అదీ నా పరీక్ష. ఉండండి, చెంచా తెస్తానని లేచి వెళ్ళి తెచ్చుకుంది. "చెంచా ఎందుకండీ, ఇలా" అని నేనే చేతిలో వేసుకుని నాకి చూపించాను. ఆ అమ్మాయి కళ్ళప్పగించి చూసింది. తనకి మాత్రం చెంచాయే కావాలంది.

నటన అయ్యుండొచ్చు కదా? చూడ్డానికి వచ్చానని పసిగట్టి ఉండొచ్చు.

తిరిగి వస్తుంటే భీమన్న అద్దంలోంచి చూసి, "ఏందక్కా, కొడుక్కి పిల్లని చూడవోయినట్టు గట్ల పట్టిపట్టి చూసినవ్" అన్నాడు. నాకు కొడుకులు లేరని వాడికి తెలుసు. "బండి సక్కగ తోలు" అన్నాను వాడి భాషలోనే.

ఇక్కడి తెలుగువాళ్ళందరూ ఉగాదికి ఒక స్కూలు హాల్లో కలుస్తున్నారు. మీ తమ్ముడు తన పుస్తకంలోంచి ఒక అధ్యాయం చదువుతారట. మధులికా వస్తుందట. వెళ్ళకూడదనుకున్నాను. ఇప్పుడు ముందు వరసలో కూర్చోవాలనుకుంటున్నాను. ఆయన చదువుతుంటే ఆ పిల్ల మొహం ఎలా మారుతుందో చూడాలి. అక్కడ తేలిపోతుంది. తేలాక నా జాడీలు సర్దుకుని వచ్చేస్తే మీ పెరట్లో ఇంత చోటిస్తారా? నవ్వులాటకి రాయడం లేదు.

ఇంద్రజ


సనాబిస్,
ఏప్రిల్ 7

శ్రీమతి సూర్యప్రభ గారికి,

వదినా అని రాయడానికి ఈరోజు చెయ్యి రావడం లేదు. ఎందుకో మీకు తెలుసు.

హాలు నిండింది. పచ్చడి పంచాక, పిల్లల డాన్సులయ్యాక మీ తమ్ముణ్ణి పిలిచారు. ఆ నీలం చొక్కా నేనే ఇస్త్రీ చేసిచ్చాను. మధులిక నా పక్కనే కూర్చుంది. ఆయన గొంతు సవరించుకుని మొదలుపెట్టారు. వింటున్నంతసేపూ నేను మధులిక మొహమే చూస్తున్నాను. అందుకే మొదటి నాలుగు మాటలు నా బుర్రకెక్కలేదు.

"ఎలోయీజ్ పీపాకి చెవి ఆనించింది. లోపల పులుపు కదిలే చప్పుడు ఆమెకి మాత్రమే వినిపిస్తుంది. చెవి ఎత్తాక ఎవరితోనూ మాట్లాడదు. మూడో రోజు తిరగకలిపి, శుభ్రమైన గుడ్డతో వాసెన కట్టి, ఆ ముడి మీద రెండుసార్లు మెల్లిగా తడుతుంది. నిద్రపో అన్నట్టు. ఎడమ మణికట్టు మీద పాత కాలిన మచ్చ ఎర్రబడితే, ఆ రోజు ఆమె అలిసిపోయిందని అర్థం. అడిగితే ఒప్పుకోదు."

వైను మూడో రోజు తిరగకలపడం, వాసెన కట్టడం. వెనక వరసలో ఆడవాళ్ళు ఒకరినొకరు పొడుచుకోవడం మొదలుపెట్టారు. మధులిక మొహం మారింది. మారి నావైపు తిరిగింది. "ఇంద్రజగారూ, ఆ రోజు మా ఇంట్లో మీరు మూత పెట్టాక ఇలాగే తట్టారు" అంది.

నేను తట్టానా? నాకు తెలియదు. ఒట్టు, నాకు తెలియదు.

ఆయన తీర్థం దగ్గరికి వచ్చేసరికి వెనకనుంచి భీమన్న లేచాడు. "సార్, గది సారా గాదు, తొక్కు. గామె ఫ్రాన్సామె గాదు, మా అక్కనే" అన్నాడు. హాలు హాలంతా నావైపు తిరిగింది. ఒళ్ళంతా వేడెక్కిపోయి, ఇంక చాలు ఆపండని చెయ్యెత్తాను.

ఎడమ చెయ్యి. కళ్ళు కిందికే ఉన్నాయి.

ఎంత నవ్వారంటే మైకు కూడా కీచుమంది. చప్పట్లు కొట్టారు. నా దగ్గరికొచ్చి చేతులు పట్టుకున్నారు. ఎంత అదృష్టవంతురాలివమ్మా అన్నారు. నేనూ నవ్వాను, నలుగురిలో ఉన్నాను కాబట్టి.

కారెక్కాక నవ్వలేదు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు అడిగాను. "ఇన్నీ చూసినవారు నాతో ఒక్కసారి చెప్పొచ్చుగా" అన్నాను. ఆయన స్టీరింగు మీదనుంచి చూపు తిప్పకుండా, "నీతో చెప్దామని నోరు తెరిస్తే చెయ్యెత్తుతావు ఇందూ. ఆవిడైతే విని ఊరుకుంటుంది" అన్నారు. లైటు పచ్చబడినా కాసేపు కదల్లేదు. వెనకవాళ్ళు హారన్లు కొట్టారు.

అందరూ అనుకుంటున్నట్టు నాకు కరిగిపోవాలని లేదు. నా చెవి, నా చెయ్యి, నా మచ్చ, నా అలసట, అన్నీ తీసుకెళ్ళి దానికి పెట్టారు, బీరువాలోంచి నా నగలు తీసి ఇంకొకదాని మెడలో వేసినట్టు. మొదట చచ్చిపోయినదాని మీద కుళ్ళుకున్నాను. తర్వాత ఏ పాపం ఎరగని ఆ పిల్లమీద. ఇప్పుడు నామీద నేనే కుళ్ళుకుంటున్నాను. ఆ పుస్తకంలో ఉన్న నాకు మొగుడున్నాడు. సనాబిస్‌లో ఉన్న నాకు లేడు.

అందుకని ఒకటే అడుగుతున్నాను. నావన్నీ అందులోంచి తీసేయండి. ఒక్కటి కూడా ఆవిడ దగ్గర ఉండకూడదు. ఆయనకీ చెప్పాను. తలూపారు.

ఇంక మీ సంగతి. పెళ్ళయిన కొత్తలో నేను మొదటి ఆవకాయ కలిపింది మీ పెరట్లో. ఆ వేసవి అంతా నా పక్కనే కూర్చుని ముక్కలు తుడిచారు. నా చెయ్యి మీకు తెలియదా? మొదటి పేజీలోనే తెలిసి ఉంటుంది. తెలిసీ ఎందుకు నన్ను ముహర్రక్ దాకా తిప్పారు?

ఇంద్రజ


రామచంద్రపురం,
ఏప్రిల్ 25

ఇంద్రజా,

మొదటి పేజీలో కాదు. మూడో పేజీలో. చెవి ఆనించిన దగ్గర తెలిసిపోయింది.

చెప్పలేదు. చెప్తే నువ్వు సంతోషిస్తావు. ఆ సంతోషం నా చేతులమీదుగా నీకు చేరడం నాకు ఇష్టం లేకపోయింది. దీనికి ఇంకో మంచి పేరేదైనా ఉంటుందేమోనని ఇన్నాళ్ళూ వెతికాను. లేదు. ఈర్ష్యే.

నీ సవతి అని నిన్ను ఏడిపించాను కదా. ఆవిడ నాకే సవతి అయింది. రోజూ మధ్యాహ్నం ఒక మగవాడు తన పెళ్ళాన్ని ఎలా చూస్తున్నాడో అక్షరం అక్షరం నేను కొట్టాలి. అచ్చుతప్పులు దిద్దాలి. ఒత్తు ఎక్కడ పోయిందో చూడాలి. కొట్టి లేచి వంటింట్లోకి వెళ్తే అక్కడ నన్ను చూసేవాళ్ళెవరూ లేరు. దసరాకి కళ్ళజోడు మార్చాను. శివరాత్రి వెళ్ళాక మీ అన్నయ్యగారు పేపరు చదవమని ఇస్తూ, "నీకు కళ్ళజోడుందా" అన్నారు. చెడ్డవారు కారు. నీకు తెలుసు, నా మాట ఎప్పుడూ జవదాటలేదు. చూడరు, అంతే. వేరే ఊళ్ళో అయితే ఎవరో ఒకరి పెళ్ళాన్ని చూసి కుళ్ళుకునేదాన్ని. నా ఖర్మకొద్దీ నా తమ్ముడి పెళ్ళామే దొరికింది, వాడి రాతతోసహా.

ఇక నీ పని. మా శశి ఫోన్ చేసి, "అక్కా, ఇంద్రజవన్నీ తీసెయ్యి" అన్నాడు. తీసేశాను. చెవి తీశాను, వాసెన తీశాను, తీర్థం, తట్టడం, మచ్చ, ఎత్తిన చెయ్యి, అన్నీ తీశాను. తీశాక మదాం ఎలోయీజ్ దగ్గర ఏం మిగిలిందో తెలుసా? పుట్టింది, పెళ్ళయింది, మొగుడు పోయాడు, సీసాల మీద పేరు వేయించింది, గుమ్మాల ముందు బండి ఆపింది, పాడైన పంట అమ్మనంది, పోయింది. పల్చటి పుస్తకం. విజయవాడ ఆయన చదివి, ఇప్పుడు చరిత్రలా ఉంది, అచ్చు వేస్తానన్నాడు. ఆవిడ సొంతం ఆవిడకి చాలు. పేరు తెచ్చుకోడానికి ఆవిడకి మన వంటింటి సామాను అక్కర్లేదు.

తీసినవి పారెయ్యలేదు. విడిగా ప్రింటు తీసి, కారం అంటకుండా మూడు కవర్లలో చుట్టి, సంచీ అడుగున పెట్టాను. ఎలోయీజ్ అని ఉన్నచోటల్లా నీ పేరు పెట్టాను. అందులో వాడి మాట ఒక్కటి కూడా నేను మార్చలేదు. ఎవరూ అచ్చు వెయ్యరు దాన్ని. వాడిచేతే చదివించుకో. చెయ్యి మాత్రం దించుకుని కూర్చో.

పప్పునూనె ఈసారి రెండు డబ్బాలు.

నిన్నొకటి అడగనా? అడగడానికి మొహం లేదు, అయినా అడుగుతాను. ఈసారి ఊరొచ్చినప్పుడు నా దగ్గర ఒకరోజు ఊరికే కూర్చో. పని చెయ్యకు. నేను చేసుకుంటుంటే చూడు. నేను నా చేతులతో ఏం చేస్తానో చూసి నాకు చెప్పు. ఇక్కడ చెప్పేవాళ్ళు లేరు.

మీ వదిన,
సూర్యప్రభ


సనాబిస్,
మే 22

వదినా,

మామిడికాయ దొరికింది. ఇక్కడి కొట్లోవే, టెంక గట్టిగా ఉంది, పరవాలేదు. మొన్న శుక్రవారం ఆవకాయ కలిపాను. రెండు చేతులూ మోచేతుల దాకా ఆవపిండిలో ఉన్నప్పుడు మీ తమ్ముణ్ణి పిలిచి, ఎదురుగా కుర్చీ వేసి, ఇప్పుడు చదవండన్నాను. ఎత్తుదామన్నా చెయ్యి ఎత్తే వీలు లేదు.

చదివారు. మొదట్లో తడబడ్డారు, తర్వాత్తర్వాత కుదురుకున్నారు. ఏం రాశారో మీరు కొట్టారు కాబట్టి మళ్ళీ చెప్పను. నేను మూతి ముడుచుకునే విన్నాను. ఒకచోట మాత్రం "అది అలా కాదు, ఉప్పు ముందు వేస్తాను" అని దిద్దాను. దిద్దుకున్నారు. అయిపోయాక, "ఇంకేమైనా ఉందా" అన్నాను. "రోజూ ఉంటుంది" అన్నారు. అంతకంటే ఎక్కువ మీకు రాయను, మళ్ళీ మంచినీళ్ళకి లేస్తారు.

మీమీద కోపం పోయిందా అంటే పూర్తిగా పోలేదు. ముహర్రక్ దాకా తిప్పింది మర్చిపోను. మధులికకి నేనే ఫోన్ చేసి మా ఇంటికి భోజనానికి పిలిచాను. వచ్చింది. ఆవకాయ చేత్తోనే తింది.

మీరడిగింది ఊరొచ్చేదాకా ఎందుకు ఆగాలి అనుకుని, చేతులు కడుక్కుంటూ ఆయన్ని అడిగాను. "మీ అక్క చేతులతో ఏం చేస్తారు?"

ఆలోచిస్తారనుకున్నాను. ఆలోచించలేదు వదినా. వడ్డించేటప్పుడు గరిటె కంచానికి తగలనివ్వదు, చప్పుడైతే తినేవాళ్ళని తొందరపెట్టినట్టుంటుందట అన్నారు. చిన్నప్పుడు తనకి జ్వరమొస్తే అరచెయ్యి పెట్టేది కాదు, వేళ్ళు మడిచి వెనకవైపుతో నుదురు చూసేది అన్నారు. పేజీ తిప్పే ముందు బొటనవేలితో చూపుడువేలు రుద్దుకుంటుంది, కోపమొస్తే కడిగిన గ్లాసులే మళ్ళీ కడుగుతుంది, మామిడి ముక్క తుడిచి గుడ్డమీద పెట్టేటప్పుడు పచ్చటి వైపే పైకి పెడుతుంది, ఎందుకో ఎవరికీ తెలియదు అన్నారు. అక్క పాత కళ్ళజోడు గోధుమరంగుది, దసరాకి నల్లది తీసుకుంది, వీడియో కాల్‌లో చూశాను, ముక్కు మీద కొంచెం జారుతోంది, ఇంకా అలవాటు పడలేదు అన్నారు. నవ్వుతూ చెప్పుకుపోతున్నారు. నా చేతులు ఆరిపోయాయి, నేనలాగే నిలబడ్డాను.

నన్ను చెప్పడానికి ఆ మనిషికి ఫ్రాన్సు అడ్డం కావలసివచ్చింది. మిమ్మల్ని చెప్పడానికి కుర్చీలోంచి కూడా లేవలేదు.

నాకు మళ్ళీ ఒళ్ళు మండిపోతోంది వదినా. ఈసారి కారం ఎవరి చేతా పంపొద్దు. మీరే తీసుకుని రండి. ఆ నల్ల కళ్ళజోడేమిటో నేనూ చూడాలి.

మీ
ఇంద్రజ